కాఫీ తాగతా ఉండారు

విడాకులు వచ్చి మూడు నెలలైంది. ఆమెకు నాయుడుపేటలో బాడుగ ఇల్లు దొరికేదాకా ఇద్దరూ పుత్తూరు ఇంట్లోనే ఉన్నారు. అలాంటి జంట మీదే వచ్చే హాస్య సీరియల్‌ను అతను ముందుగదిలో చూస్తే, ఆమె వంటింట్లోంచి వింటుంది.

"ఏమయ్యా, టీవీలో నవ్వులు ఆగిపోయినాయే? ఏం జరిగింది?"

టీవీలోని ఆవిడ పెట్టె తీసుకుని ఆటో ఎక్కుతోంది. ఎందుకో తనకే తెలియకుండా అతను సౌండు తగ్గించాడు.

"ఏం లేదు. ఇద్దరూ కాఫీ తాగతా ఉండారు."

"ఆటో చప్పుడు వినబడిందే?"

"అది మన వీధిలోది."

చేతిలో గరిటెతోనే ఆమె గడప దాకా వచ్చింది. టీవీలో ఖాళీ ఇల్లు, అందులో ఒక్కడే మగమనిషి.

"నాకు ఇల్లు దొరికింది. శుక్రవారం పోతా ఉండా. ఆడ టీవీ లేదు."

"అయితే రోజూ ఫోన్ చేసి కథ చెప్తాలే."

"ఇప్పుడు చెప్పినట్టేనా?"