జియావుద్దీన్ చెవికి వినబడ్డ గడియారం

దోహాలో, అబూ హమూర్‌లోని చాయ్ కొట్టు దగ్గర, తువ్వాల్లో చుట్టి తెచ్చిన గడియారాన్ని జియావుద్దీన్ చేతిలో పెట్టేసరికి తిమ్మప్పకు సగం ప్రాణం పోయింది. అది తనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంట్లో, అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఏళ్ల తరబడి ఆడుతున్న పాత క్వార్ట్జ్ గడియారం, కఫీల్ వాళ్ల చనిపోయిన నాన్న గుర్తు. పొద్దున దుమ్ము తుడవబోతే ముల్లు ఆగి ఉంది. మక్కాకు ఉమ్రా యాత్రకెళ్లిన కఫీల్ సాయంత్రానికి వచ్చేస్తాడు. నువ్వే పాడుచేశావన్నాడంటే ఇంటి డ్రైవర్ పనికి నీళ్లొదులుకోవాల్సిందే.

జియావుద్దీన్‌ది జగిత్యాల. నడిపేది సామాన్ల వ్యాను, చెప్పుకునేది గడియారాల డాక్టరునని.

"వెనక మూత తీసేటోడు మెకానిక్కు, చెవితోని వినేటోడు ఉస్తాదు," అంటూ గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు. "లోపల చిన్న క్వార్ట్జ్ రాయి ఉంటది తమ్మీ. కరెంటు తగిలితే సెకనుకు ముప్పై రెండు వేల పైన సార్లు వణుకుతది. చిప్పు ఆ వణుకుడంత లెక్కపెట్టి సెకనుకొక్కసారి మోటారును తంతది, ముల్లు కదుల్తది. ఫరీజ్ బిన్ మహమూద్ బస్తీల ఒక ముసలాయన గడియారం నేనే బాగుచేసిన."

"ఆడిందా భాయ్?"

"ఆడుడా! రాయిని చిటికెన వేలితోని జరంత సముదాయించిన, జోరందుకుంది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆ ఇంట్ల పొద్దున తెచ్చిన గుడ్లు సాయంత్రం అసర్ నమాజుకల్లా కోళ్లయి తిరిగినయ్! భయమై వేలు అడ్డం పెట్టిన. రాయి ఆగింది. దాంతోని దోహా మొత్తం ఆగింది! విమానాలు ఆకాశంల నిలబడ్డయ్, పోసే చాయ్ గాల్లనే వేలాడింది."

"నా చాయ్ ఎప్పుడూ వేలాడలేదే?" అన్నాడు కొట్టు నడిపే నాగూర్.

"నువ్వు గూడ ఆగినవ్ కద, నీకెట్ల యాదుంటది?"

తిమ్మప్పకు నవ్వు రాలేదు. జియావుద్దీన్‌ను ఆనుకుని నిలబడ్డాడు. "మా రాయి బతికుండాదా భాయ్?"

"బతికుంది గాని బెదిరింది. దడదడ కొట్టుకుంటుంది, నాకు సాఫ్‌గ వినబడుతుంది. తప్పుగ ముట్టుకుంటే ఇంటోళ్ల ఆయుష్షు గూడ..."

"అట్ల అనొద్దు భాయ్, నీ కాళ్లు పట్టుకుంటా!"

అదే ఇంట్లో వంట చేసే లూర్దమ్మ కూరగాయల సంచితో వచ్చింది.

"దీన్నెందుకు తెచ్చావు తిమ్మప్పా? రాత్రి చిన్నబాబు బొమ్మకారు ఆగిపోయిందని ఏడిస్తే దీంట్లో సెల్లు నేనే తీశాను. కొత్తది ఇప్పుడే కొన్నాను."

గడియారం తీసుకుని వెనక వైపు చూపించింది. సెల్లు గూడు ఖాళీ. కొత్తది పెట్టగానే ముల్లు టిక్కుమంది. తిమ్మప్ప కళ్లు తుడుచుకుంటూ అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

లూర్దమ్మ జియావుద్దీన్ వైపు తిరిగింది.

"సెల్లే లేని దాంట్లో నీకంత దడదడ ఏం వినబడింది భాయ్? నిన్ను ఆనుకుని నిలబడ్డ వీడి గుండె గాని కాదు కదా?"