బయటి గొళ్లెం

మంగళవారం పొద్దున పదకొండుంబావుకి అబద్ధమాడాను వదినా. ఎదురుగోడకి గడియారం ఉంది, అందుకే అంత కచ్చితంగా చెబుతున్నా. నవ్వకు. నలభై ఏళ్లు ట్రంకుపెట్టె అడుగున పడుకుని ఇప్పుడు లేచొచ్చిన ఫోటోకి అంత నవ్వు పనికిరాదు.

నా మనవరాలు, అదే, నీ తమ్ముడి కొడుకు కూతురు, పిల్లల జైల్లో ఉంది. పదహారేళ్లు. హోమ్ అనాలట, జైలనకూడదట. తాళాలు మాత్రం జైలువే. ఏం చేసిందంటావా? నాలుగు రోజులు కన్ను మూయకుండా గలగలా వాగి, అయిదోరోజు తెల్లారగానే వాళ్ల నాన్న నడిపే స్కూలు వ్యాను వేసుకుపోయింది. లోపల ఒక్క పిల్లా లేదు. అయినా ప్రతి స్టాపులోనూ ఆపి, హారన్ కొట్టి, తలుపు తీసి మూసిందట. టైమూ తప్పలేదు, ఎప్పుడూ లేటయ్యేది వాళ్ల నాన్నే. చివరి మలుపులో పాలాయన సైకిలు అడ్డొచ్చింది. పాపం, కాలు విరిగింది. అక్కడితో నవ్వులు అయిపోయాయి.

ఇప్పుడు మాటా లేదు, తిండీ లేదు. గోడకేసి కూర్చుంటోంది. అక్కడికి వారానికోసారి వచ్చే మనసు డాక్టరమ్మ మమ్మల్ని పిలిపించింది. అరవైమంది పిల్లలకి ఆవిడొక్కతే, మనిషికి పది నిమిషాలు.

"మీ ఇంట్లో ఎవరికేం జబ్బులున్నాయి పెద్దమ్మా?"

అడగాల్సిన మనిషినే అడిగింది. మీ నాన్నగారి షుగరు, మీ చిన్నత్త ఉబ్బసం, నీ తమ్ముడి మోకాళ్లు, ఎవరికి ఏ ఏట కళ్లజోడొచ్చిందో అన్నీ అప్పజెప్పాను. రాసీ రాసీ చెయ్యి విదిలించుకుంది.

"సరే, రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరిగి, తర్వాత ముడుచుకుపోయినవాళ్లు? ఉంటే చెప్పండి. దిగులుకిచ్చే మాత్ర అలాంటివాళ్లకి ఎదురు తిరగొచ్చు. మందు మారుస్తాను."

"మా వంశంలో ఎవరూ లేరమ్మా" అన్నాను. ఎంత నెమ్మదిగా అన్నానో. పక్కన నా కొడుకూ తలూపాడు. వాడికేం తెలుసు, అప్పటికి రెండేళ్లవాడు, మేనత్త జ్వరంతో పోయిందనే చెప్పి పెంచాను.

"అయితే రేపు రాత్రి నుంచి మాత్ర మొదలుపెడదాం" అని రాసేసింది.

మేం లేచి వచ్చేస్తుంటే, అంతసేపూ ఆ మూల గోడకేసి కూర్చున్న పిల్ల అప్పుడు నోరు విప్పింది. "నానమ్మా, మనింట్లో ఇలా ఉన్నది నేనొక్కదాన్నేనా?"

"ఒక్కదానివే తల్లీ" అన్నాను.

ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చుంటే ప్రార్థన ముందుకు సాగితేనా. అన్నీ నీ సంగతులే. ఒక్క పూటలో ఇంటి తలుపులన్నిటికీ నీలం రంగేశావు, ఊరుకోక పక్కింటివాళ్ల తలుపుక్కూడా. ఆ తర్వాత నెలల తరబడి వెనకగదిలో గోడకేసి కూర్చున్నావు.

సాయంత్రం కొడుకునీ కోడల్నీ కూర్చోబెట్టి చెప్పేశాను. నువ్వు పోయిన రోజు నీకు జ్వరం లేదని. చుట్టాలొస్తే నువ్వు కంటపడకూడదని గదికి బయట గొళ్లెం పెట్టింది ఈ చెయ్యేనని. వాళ్లు వెళ్లాక తలుపు తీసేసరికి... నీకు తెలుసుగా.

కోడలు నా వంక చూడలేదు.

తెల్లారి కొడుకు కాఫీ అయినా తాగకుండా స్క్రూడ్రైవరు తెచ్చి ఆ గొళ్లెం ఊడబీకాడు. పిల్ల వస్తే పడుకునేది ఆ గదిలోనే కదా. ముగ్గురం సొట్టపడ్డ వ్యానెక్కి డాక్టరమ్మ ఆసుపత్రికి వెళ్లాం. ఆవిడ అంతా రాసుకుంది. చీటీలో ఆ మాత్ర కొట్టేసి, హోమ్‌కి ఫోన్ చేసి చెప్పింది.

అక్కణ్ణుంచి హోమ్‌కి వెళ్లేటప్పుడూ కోడలు నాతో మాట్లాడలేదు. నీ ఫోటో మాత్రం నా చేతిలోంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. పిల్లకి తనే చూపిస్తానని మావాడితో అంది.