నిండుకున్న బియ్యం

"అమ్మమ్మా, మా ఆఫీసు వాళ్లు అడిగి రమ్మన్నారు. తుఫాన్లూ వరదలూ వచ్చినప్పుడు సర్కారు సాయం మీకు సరిగ్గా అందిందా? అయిదుకి ఎన్ని మార్కులు వేస్తావు?"

మార్కులా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. బడి గుమ్మం తొక్కనిదాన్ని, నా చేత మార్కులేయిస్తావంటే! సరేలే, ఆ మాటలు పట్టే మిషను ఇట్టా దగ్గరగా పెట్టు. నువ్వు పుట్టిన ఏడు వచ్చిన తుఫాను సంగతి చెప్తా, మార్కులు మీ ఆఫీసోళ్లే వేసుకుంటారు.

పత్తి కాయ పగిలే రోజులు. చేలన్నీ తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. మీ తాత ప్రత్తిపాడు పోయి కొత్త చొక్కా గుడ్డ కూడా చూసొచ్చాడు. కొనలా, చూసొచ్చాడంతే. ఇక పట్టుకుంది చూడు వాన, పగలూ రాత్రీ ఒకటే. పత్తంతా నల్లబడి బురదలో కలిసింది. మన వంటింటి గోడ కూలింది. మీ అమ్మ పురిటికొచ్చి ఉంది కదా, నిన్ను కని ఇంకా నెల కూడా కాలా. పాలు చాలక నువ్వు ఒకటే ఏడుపు. ఇప్పుడు ఆఫీసరులా కూర్చున్నావు గానీ, అప్పుడు పిడికెడు లేవు, గొంతు మాత్రం ఊరంతటికీ వినపడేది.

మా అత్త, అంటే మీ అమ్మకి నానమ్మ, ఉన్న నాలుగు గింజలూ మీ అమ్మకే వండిపెట్టి, తనకి ఆకలి లేదనేది. అబద్ధం. నాకు తెలవదా? కొట్టాయన చూస్తే తెల్లారేసరికి బియ్యం రేటు పెంచేశాడు... వాడి ఊసు ఇప్పుడెందుకులే.

అప్పుడొచ్చాడు జీపులో ఆఫీసరు. కుర్రోడు. ఉత్తరాది వాడంట, తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటన్నాడు. మంచోడే పాపం, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో ఇంటింటికీ తిరిగాడు. కూడా వచ్చినోళ్లంతా కాలవకి గండి పడిందని అటు పోయారు. "అమ్మా, బియ్యం ఉన్నాయా?" అనడిగాడు. మా అత్త ఏమంది? "నిండుకున్నాయి నాయనా" అంది.

మరి ఇంకేమంటది? ఏది అయిపోయినా నిండుకుందనే అనాలి గదా. కాపరానికొచ్చిన కొత్తల్లో నేనోసారి నోరు జారి బియ్యం లేవన్నానని, మా అత్త నాతో వారం మాట్లాడలా. వారమో, పది రోజులో. వీధిలో అందరూ కుర్రోడికి నిండుకున్నాయనే చెప్పారు. కుర్రోడి మొహం వెలిగిపోయింది. "చాలా సంతోషం అమ్మా!" అని దణ్ణం పెట్టి మరీ పోయాడు.

నవ్వుతావేంటే? సర్కారు పంపిన బియ్యం లారీ మన వీధిలో ఆగకుండా పోతంటే నాకు నవ్వు రాలా. కుచ్చిళ్లు ఎత్తిపట్టి దాని వెనక పరుగు. బడి దగ్గర ఆపితే డ్రైవరు అంటాడూ, "మీ వీధిలో అందరికీ నిండుగా ఉన్నాయంటగా, సారు పక్కూరికి తోలమన్నారు" అని.

సారూ అక్కడే ఉన్నాడు. "నిండుకోవడమంటే నిండుగా ఉండటం కాదు బాబూ" అన్నా. "మరి నిండుగా ఉంటే ఏమంటారమ్మా?" అన్నాడు. నాకే తికమక. అసలు మాట అందామంటే, కర్ర పొడుచుకుంటూ మా అత్త వచ్చి నా పక్కనే నిలబడిందాయె. డ్రైవరేమో ఇంజనన్నా ఆపలా.

అప్పుడు మా అత్తే ముందుకొచ్చింది. "లేవు నాయనా. ఇంట్లో బియ్యం లేవు. పచ్చి బాలింత ఉంది" అంది. అంత పెద్ద గొంతు మనిషి, పక్కనున్న నాకే సరిగ్గా వినపళ్లా.

కుర్రోడికి అర్థమైంది. లారీ వెనక్కి తిప్పించాడు. ఆ మాట కూడా రాసుకో, తిప్పించాడు.

అన్నం వండి మీ అమ్మకి పెట్టాం. పాలు పడ్డాయి, నువ్వు నోరు మూశావు. మా అత్త మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చింది. "నా నోటితో అన్నానే" అని. ఆ మాట అన్నావు కాబట్టే బియ్యం వచ్చాయత్తా అంటే వినలా. పోయేదాకా ఆవిడకదే దిగులు.

ఏయ్, కళ్లు తుడుచుకో, మిషను తడిసిద్ది. చల్లగా ఉండు తల్లీ. నీ ఉద్యోగం పది కాలాలు నిలబడాలి. ఏ ఇంటికి పోయినా ముందు వంటింట్లోకెళ్లి కుండ నువ్వే చూసుకో. ముసలోళ్ల చేత ఆ మాట అనిపించకు.