గొర్రెనడిగి కొన్న సిమ్ము

చెన్నక్క అని ఒకామె ఉండాదంట, బోడికొండ కింద గొల్లపల్లెలో. నోరు పెద్దది, మనసు దానికన్నా పెద్దది, కోపం ఆ రెండిటికన్నా పెద్దది అనుకో. మొగుడి పేరు గురప్ప. ఈ గురప్ప ఏం జేస్తాడంటే, దసరా దాటంగానే మందను తోలుకోని దిగువకు పోతాడు, మళ్ళా ఉగాదికి గాని ఇంటి మొగం చూడడు. ఈడ కొండ కింద మేత ఉండదు గదా మరి. దిగువన ఉప్పువాగు పక్కన కోసిన చేలల్లో మేపుకోని, ఆ వాగు ఇసకలోనే మందను నిలుపుకుంటాడు. ఊరికీ ఆయప్పకూ మధ్యన రెండు దినాల నడక. మధ్యలో ఏముంది? ఫోనుంది. గురప్పకు అక్షరం ముక్క రాదు, అయినా పెండ్లాం నెంబరు చేతికర్ర మీద గాట్లు పెట్టుకోనుండాడు. ఎన్ని గాట్లో అంత అంకె, సున్నాకు కాల్చిన మచ్చ. ఫోన్లోనే ఉంది గదప్పా పేరు అంటే, ఫోను నీళ్ళలో పడ్తాది, కర్ర తేల్తాది అనేవాడంట. అట్టాంటి మనిషి.

ఇంగ ఆ ఫోను ఎందుకంత అవసరమో చెప్తా, ఇది సరిగ్గా వినకపోతే కతంతా గాలికి పోతాది. ఆ ఉప్పువాగు పుట్టేది ఈ బోడికొండలోనే. కొండ మీద వాన గట్టిగా పడిందంటే ఆ నీళ్ళు దిగువకు చేరేదానికి ఒక పూట పడ్తాది. దిగువన సుబ్బరంగా ఎండ కాస్తా ఉంటాది, గొర్రెలు ఇసకలో పండుకోనుంటాయి, పైన ఏమైందో వాళ్ళకెట్ట తెలుస్తాది? ఆ మాట చెప్పేది చెన్నక్క. కొండ నల్లబడితే చాలు, ఫోను తీసి, వానొచ్చింది, మందను మెరకకు తోలు, అంటాది. అంతే, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కల మీద తొంభై గొర్రెలూ ఒక మొగుడూ బతుకుతా ఉండారు.

అట్టుండంగా ఏమైందంటే, ఆ ఊరికంతా ఒకే కంపెనీ ఫోను. వాడు రేటు పెంచినాడు. పెంచినోడు మాటన్నా సరిగ్గా వినపడనిచ్చినాడా అంటే అదీ లేదు, బాయిలోంచి మాట్లాడినట్టు. ఊరు ఊరంతా మండిపడి, వీడొద్దు, వేరే కంపెనీకి పోదాం అనుకున్నారంట. ఆ ఊరికి పెద్ద మద్దిలేటి. చెన్నక్కకు వరసకు బావ అవుతాడు, గురప్పకు అన్న వరస. ఆయన ఏమన్నాడంటే, మంద చీలితే తోడేలు పాలు, పోతే అందరమూ ఒకే కంపెనీకి పోవాల. సరేనన్నారు. ఈ మాట ఎట్ట పోయిందో, ఈగలకు బెల్లం వాసన తగిలినట్టు మూడు కంపెనీలోళ్ళు ఒకే దినం దిగినారు, మూడు గొడుగులు పాతినారు. ఒకటి పచ్చ గొడుగు, ఒకటి వంకాయరంగు, ఒకటి గళ్ళ గొడుగు. పేర్లు నేను చెప్పను, మీరూ అడగబాకండి. ప్రతివోడూ మాదే మంచిదంటాడు. ఏ వ్యాపారస్తుడన్నా తన మజ్జిగ పులుపని చెప్పుకుంటాడా?

చెన్నక్క ముందుకొచ్చి అనిందంట, బావా, మేత చూడకుండా మందను కదిలిస్తామా మనం? ముందొకరు పోయి గడ్డి ఉందా, నీళ్ళుండాయా చూసొచ్చినాకనే గదా కదిలేది. అట్టే ఈ మూడు కంపెనీల ఫోన్లు తీసుకోని ఇల్లిల్లూ తిరుగుదాం, ఆ కొస ఇంట్లో గూడా మోగేది ఏదో దాన్నే తీసుకుందాం. ఎంత చక్కటి మాట చెప్పిందో చూడండి. మద్దిలేటికి గిట్టలేదు. ఆడకూతురు చెప్తే వినాల్నా నేను, అని పైకి అనలేదు గానీ మీసం అనింది. ఇంత పెద్ద పనికి మనమెవరం చెప్పేదానికి, గంగమ్మనే అడుగుదాం, అన్నాడంట. అమ్మ పేరెత్తినాక ఇంగ నోరెవరెత్తుతారు?

అమ్మనడిగేది ఎట్టో మీకు తెలుసు గదా. తెలీనోళ్ళకు చెప్తుండా. జాతరలో గొర్రెను కోసేముందు దాని మీద పసుపునీళ్ళు పోస్తాం. పోసి చూస్తా నిలబడ్తాం. అది ఒళ్ళిదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఇదిలించకపోతే ఎంతసేపైనా సరే, కత్తి పట్టినోడు అట్టే నిలబడాల్సిందే. అట్టాంటి పద్ధతిని తీసుకోనొచ్చి సిమ్ముకు పెట్టినాడు ఈ మద్దిలేటి. మూడు గొర్రెలను తెప్పించి, ఒక్కోదాని మెడకు ఒక్కో కంపెనీ సిమ్ము పొట్లం కట్టించినాడు. ఏది ముందు ఒళ్ళిదిలిస్తే ఆ కంపెనీ. చెన్నక్క చూసింది. చూస్తే ఏముంది, రెండు గొర్రెలకు ఒంటినిండా ఉన్ని, గళ్ళ గొడుగు సిమ్ము కట్టిన గొర్రె మాత్రం ముందురోజే ఉన్ని కత్తిరించిన గొర్రె. ఎవురిదా గొర్రె? మద్దిలేటిదే. ఉన్ని ఉన్న గొర్రెకు ఆ నీళ్ళు తోలు తాకేటప్పటికే పొద్దుగూకుతాది. కత్తిరించినదానికి చుక్క పడితే చాలు. ఇది గొల్లోళ్ళకు తెలీదంటే చేపకు ఈత తెలీదన్నట్టే.

ఆమె ఊరుకుంటాదా? బావా, ఆ గొర్రె బోడిది, అది ఇదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు గాదు, దానికి చలేసినట్టు, అనింది. అందరికీ తెలుసు, అందరూ నేల చూస్తా ఉండారు. మద్దిలేటి, చెన్నీ, అమ్మవారి మాటకు అడ్డం పడబాక, గురప్ప ఊర్లో లేడని నోరు పారేసుకుంటావా, అన్నాడంట. మొగుడు ఊర్లో లేడని అన్నాడు, చూడు, ఆ మాట. అయిపాయె. నీళ్ళు పోసినారు, బోడి గొర్రె గడగడా ఇదిలించె, టెంకాయ కొట్టినారు, కర్పూరం ముట్టించి ఒట్టేయించినారు. గళ్ళ గొడుగు వదిలి వేరే సిమ్ము వేసినోళ్ళ మందను ఊరి తొట్టి కాడికి రానియ్యకూడదని కట్టడి. ఆ వారంలోనే మద్దిలేటి జేబులో కొత్త టచ్ ఫోను తళతళా మెరస్తా ఉందంట. యాడిదో నన్నడగబాకండి.

ఒరే, ఆ దగ్గేవాడెవడో పక్కకు పోయి దగ్గుకో. ఆ. ఇంగ చూడండి. అందరూ మిషన్లో వేలుముద్రలేసినారు, నెంబర్లు పాతవే, కంపెనీ కొత్తది. మరుసటి దినం పొద్దున ఫోన్లు తీస్తే, సచ్చిన ఎలకల మాదిరి పడుండాయి. గీత ల్యా, మోత ల్యా. ఏందయ్యా అంటే, ఆ కంపెనీ టవరు కొండకు అవతలుందంట. పైన కనుమ ఎక్కితే తగుల్తాది, ఊర్లోకి దిగితే తగల్దు. గొడుగు పాతినోడు ఎప్పుడో గొడుగు మడుచుకోని పాయె. మద్దిలేటినడిగితే, ఓపికపట్టండి, అమ్మ చెప్పినాక ఊరికే పోతాదా, అంటాడు. చెన్నక్కకు ఒళ్ళంతా కారం రాసినట్టుంది. అయినా ఏం జేస్తాది, తొట్టి నీళ్ళు లేకపోతే ఇంటికాడుండే ఈనిన గొర్రెలు బతకవు. దినమూ సాయంత్రం కోసెడు దూరం కనుమెక్కి, మొగుడితో రెండు మాటలు మాట్లాడి దిగొచ్చేది. అయితే ఒక తప్పు చేసింది. ఊర్లో ఫోను మోగడంల్యా అని గురప్పకు చెప్పలేదు. ఎందుకంటే, మంద మీదున్న మొగోడికి ఇంటి కష్టం చెప్పకూడదని వాళ్ళలో ఒక రివాజు. వింటే మనసు ఇంటి మీదికి పోతాది, మంద మీద చూపు తప్పుతాదని. మంచి రివాజే. ఆ మంచే ఆమె కొంప ముంచింది.

కార్తీకంలో ఒకనాడు తెల్లారేటప్పటికి కొండ కనపడలేదంట. నల్లగా, ఆకాశం వంగి కొండ మీద కూచున్నట్టు. వాన అంటే వాన గాదది. చెన్నక్క ఫోను కొంగులో చుట్టుకోని పరిగెత్తింది కనుమకు. సగం దూరం పోయినాక దారికి అడ్డంగా గండి. నడుము లోతు ఎర్రనీళ్ళు రాళ్ళను దొర్లించుకోని పోతా ఉండాయి. ఈ గట్టున నిలబడి ఫోను ఒత్తుతా ఉంది, తగల్దు. మళ్ళీ ఒత్తుతాది, తగల్దు. ఎదురుగా కనుమ కనపడ్తా ఉంది, ఆ కనుమ మీద సిగ్నలుంది, ఈడ చేతిలో ఫోనుంది, మధ్యన గండి ఉంది. ఆ నీళ్ళు యాడికి పోతా ఉండాయో ఆమెకు తెలుసు. తన కాళ్ళ ముందే, తన గొర్రెల మీదికే పోతా ఉండాయి. అట్ట మధ్యాన్నం దాకా నిలబడింది. గండి తగ్గినాక పడతా లేస్తా కనుమెక్కి ఫోను చేస్తే, తొమ్మిదో తూరికి ఎత్తినాడు గురప్ప.

ఏమన్నాడో తెలుసునా? వాన పడిందని చెప్పేదానికి నీ నోరు పడిపోయిందా? నిద్దరపోతా ఉండావా? నలభై రెండు పాయనే, పొదుగులో పాలున్న తల్లులు, వాటెనకాల పిల్లలు. కుక్క గూడా పాయె. ఇసకలో ఎండకు పండుకోనుండాయి, నీళ్ళొస్తా ఉంటే లేచేదానికి గూడా సందియ్యలేదు. నేను ఫోను తలగుడ్డలో దోపుకోని, కర్ర పట్టుకోని తేల్తినే. అంతే, పెట్టేసినాడు. ఆమె ఏడవలేదంట. మొగుడు బతికుండాడని తెలిసింది, అది చాలనుకునింది. ఆ మాట మటుకు మింగుడు పడలేదు. నిద్దరపోతా ఉండావా అన్నాడు. ఆ మాటకే గదా మండేది.

దిగొచ్చి ఇంటికి పోలేదు. తడిసిన కోకతోనే నేరుగా గంగమ్మ గుడికాడికి పోయింది. ఈదురుగాలి కొడ్తా ఉంది, మద్దిలేటి గొంగడి కప్పుకోని అరుగు మీద కూచోనుండాడు, చుట్టూ నలుగురుండారు. ఈమె నలభై రెండు అనింది. ఏందమ్మా నలభై రెండు అన్నారు. చెప్పింది. మద్దిలేటి, దానికి మనమేం జేస్తాం, దైవం, అన్నాడంట. అప్పుడు చెన్నక్క, ఎంత నోరున్నా బావ ఎదుట తలెత్తి ఎరగని మనిషి, ఎదురుగా పోయి నిలబడి, బావా, గొంగడి తీయి, అనింది. ఎందుకే అన్నాడు. తీయి అనింది. ఆయన తీసేదాకా ఆగలేదు, పట్టి లాగి పారేసి, అమ్మ ముందరుండే పసుపునీళ్ళ బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించింది. ఆ గాలికి, ఆ నీళ్ళకు, మద్దిలేటి నెత్తి నుంచి కాళ్ళ దాకా గడగడా ఒణికినాడంట. ఇదిగో, ఇదిలించినాడు, అనింది చెన్నక్క. అందరూ చూసినారు గదా. ఒట్టు పోయింది, కంపెనీ మారొచ్చని అమ్మ ఒప్పుకునింది. ఒక్కరూ నవ్వలేదు. ఒక ముసలామె మాత్రం, అవును, ఒప్పుకునింది, నేను చూస్తి, అనిందంట.

ఒళ్ళిదిలించినాక ఏం జేస్తామో నీకు చెప్పాల్సిన పనిల్యా బావా, అనిందామె. నేను నిన్ను కొయ్యనులే. కనుమెక్కు. ఎక్కి, నీ కొత్త ఫోన్లోంచి మా ఆయనకు నువ్వే చెప్పు, ఈ పొద్దు నిద్దరపోయిందెవరో. మద్దిలేటి చుట్టూ చూసినాడు, అడ్డమొచ్చేవాడు ఒక్కడూ ల్యా. అట్టే తడిబట్టల్తో, పండ్లు కటకటలాడ్తా ఎక్కినాడంట కోసెడు దూరం. ఎనక చెన్నక్క, ఆమె ఎనక ఊరు. పైకి పోయి ఫోను చేసి, తమ్ముడూ, తప్పు నాది, నీ పెండ్లాం పొద్దున్నుంచి గండికాడ నిలబడుండాది, అన్నాడు. అన్నా, ఫోను చెన్నికియ్యి, అన్నాడంట అవతల గురప్ప. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, అది వాళ్ళది.

మరుసటి దినం చెన్నక్క మేత చూసినట్టు ఫోన్లు పట్టుకోని ఇల్లిల్లూ తిరిగింది. కొస ఇంట్లో మోగింది పచ్చ గొడుగుది, అదే తీసుకున్నారు. ఒకసారి మారినాక అంత బిరీన పాత నెంబరుతో మళ్ళా మారనియ్యరంట, అందుకని ఈ తూరి కొత్త నెంబరు. గురప్ప పాత గాట్లు చెక్కేసి కొత్తవి పెట్టుకున్నాడంట. కర్ర సన్నబడింది, మంద సగమైంది. పోయిన గొర్రెలు ఏ కంపెనీకి మారితే వస్తాయి, చెప్పండి? ఇప్పుడు ఆ ఊర్లోకి ఏం అమ్మేదానికి ఎవడొచ్చినా సరే, మాది మంచిదని నోరు తెరిస్తే చాలు, ఆడోళ్ళు బిందె తీసుకోనొస్తారంట. గొర్రెను కోసేదానికి ముందు గూడా దాన్నొక మాట అడుగుతామే మనం, మనల్ని కోసేటోళ్ళు ఆ పాటి గూడా అడగరు. పోండింక, నాకు కోపమొస్తా ఉంది.