సత్తయ్య నడిపిన జాతర విమానం

అలియాబాద్‌లో సత్తయ్య అరుగెక్కి కూర్చున్నవాళ్లకు చాయ్ ఖాయం, కోతలూ ఖాయం. చాయ్ సుశీలమ్మ పోస్తుంది, కోతలు ఆయన కోస్తాడు. ఇన్నేళ్లుగా విని విని మాకు ఆయన కోతలు కంఠతా వచ్చేశాయి. అయినా వెళ్తాం, ఎందుకంటే రోజుకు ఇంత చొప్పున అవి పెరుగుతుంటాయి.

ఆ శుక్రవారం సాయంత్రం ఆయనకు కొత్త మనిషి దొరికింది. పేరు నిఖత్, యూనివర్సిటీలో చరిత్ర చదివే పిల్ల. మన పల్లెలు విమానాన్ని చూసి ఏమనుకున్నాయి, దాని మీద ఏమేం కతలు చెప్పుకున్నాయి, ఏ గోడ మీద బొమ్మ వేసుకున్నాయి అన్నది ఆమె పరిశోధన. ఆరు నెలలుగా అత్వెల్లి నుంచి నాగారం దాకా ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు పాత ఫోటోలు పోగు చేసింది. అన్నీ ఒకటే విమానంలో తీసినవి. నలభై ఏళ్ల కిందట వాళ్ల తాత అమీర్ అలీ జాతరలో డేరా వేసి, చెక్క మీద రంగులతో విమానం గీసి నిలబెట్టి, దాని వెనక జనాన్ని కూర్చోబెట్టి తీసిన ఫోటోలవి. ఆ ఏడు పెళ్లయిన జంట జాతరకు పోయి ఆ విమానంలో ఫోటో దిగాలి, దాన్ని తెచ్చి తలుపు పైన తగిలించాలి, ఆ ఒక్క ఏడు మా దిక్కు అదే రివాజు. ముందు మొగుడు, వెనక పెళ్లాం.

పదిహేనో ఫోటో సత్తయ్య ఇంట్లో ఉంది. అందులో సుశీలమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ తలెత్తి అడిగే మాట ఒకటే, పెళ్లికొడుకేడి అని.

ఆదివారం నాడు ఆ ఫోటోలన్నీ బడిలో గోడకు పెడుతున్నారు. ఒక్కోదాని కింద రెండు ముక్కలు రాసి ఉంటాయి, నాలుగూళ్ల జనం వచ్చి చదువుతారు. నిఖత్ ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఒళ్లో కాగితం పెట్టుకుని, "తాతా, దీని కింద ఏం రాయాలె?" అని అడిగింది. సుశీలమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"రాసుకో బిడ్డా," అన్నాడు సత్తయ్య. "ఇమానం నడిపింది సత్తయ్య. గంతే రాయి, ఎక్కువ వద్దు, గొప్పలు చెప్పుకునుడు నాకు ఇష్టముండదు. మీ తాత అమీర్ భాయ్ ఉన్నడు సూడు, బంగారమసొంటి మనిషి, పిట్టను గీస్తే పిల్లి వచ్చి గోడ గీకాలె, గట్ల గీస్తుండె, కాని మిషిన్ల సంగతి ఆయనకు తెల్వది. 'సత్తయ్యా, ఇమానమైతే తయారైంది గని ముంగటి పంకా జెర తిరిగితే మంచిగుంటది' అన్నడు. గంతదానికేంది అమీర్ భాయ్ అని ఒక సైకిల్ చైను, రెండు చిన్న గిర్రలు, ఎనక ఒక పిడి పెట్టి పంకా నేనే తిప్పిన. గింతవరకు జరిగిన సంగతే, గిండ్ల కోత లేదు."

"చైను ఎవరి సైకిల్‌ది కాకా?" అన్నాడు లక్ష్మణ్. ప్లాట్ల దందా చేస్తాడు, ప్రతిదానికీ పాత కాగితాలు అడగడం అతని అలవాటు.

"మీ నాయినదే. గందుకే గా జాతరకెల్లి మీ నాయిన సైకిల్ నూకుకుంట వచ్చిండు. నడుమ అడగకు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పంకా తిరుగుతాంది గని గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతాంది, నా మనసుకు ఎక్కలే. మా బాయి కాడ ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్ ఉండె. దాన్ని ఇప్పి, భుజం మీద ఏసుకొని, జాతర దాంక నడిచిన."

"ఆయిల్ ఇంజన్ భుజం మీదనా తాతా?" అంది నిఖత్.

"ఎడమ భుజం మీద బిడ్డా. కుడి చేతిల మీ సుశీల అవ్వకు కొన్న గాజులుండె, పగిలితే మళ్ల గొడవ. ఇంజన్ తెచ్చి ఇమానం కడుపుల కూసుండవెట్టి బిగిచ్చిన. మాకు పెండ్లయి మూడు నెలలు. మీ అవ్వ పచ్చ చీర గట్టుకొని వచ్చి కూసున్నది. నేను లోపల ఇంజన్ కాడ వంగి హ్యాండిల్ ఒక్కసారి తిప్పిన, గంతే, డబడబడబ షురూ అయింది, చెక్క వణికింది, జానెడు లేచింది. నేను నిజం చెప్తున్న, జానెడు చాలనుకున్న. కాని కింద జనం మొత్తుకుంటుంటె ఇంజన్‌కు హుషారెక్కింది. మేక ఎత్తు లేచింది, ఎడ్లబండి ఎత్తు లేచింది, తాటిచెట్టెత్తు లేచింది. చెట్టు మీద కల్లు గీస్తున్నాయన మొఖంల మొఖం పెట్టి, 'సత్తన్నా, ఏడికి?' అన్నడు. ఊకె గిట్ల పోయొస్త అన్న. కల్లు లొట్టి అందిచ్చిండు. నేను ముట్టలే, బండి నడిపేటప్పుడు తాగుడు మంచిగుండదు."

మేము నవ్వాం. సత్తయ్య నవ్వలేదు. ఆయన నవ్వడు, అదే ఆయన పనితనం.

"ఇగ శామీర్‌పేట చెర్వు మీదికి వచ్చినం. నీళ్లు చూద్దామని జెర కిందికి దించిన. గిర్రలు నీళ్లకు తగిలి చాపలు ఎగిరి ఇమానంల పడుతున్నయి, మీ అవ్వ కొంగుల పట్టుకుంటున్నది. నాకు గప్పుడు తెలిసింది, ఈమెతోని సంసారానికి ఢోకా లేదు, ఆకాశంల ఉన్నా కూర సంగతి మర్వది. గంతల హకీంపేట ఎయిర్‌ఫోర్స్ దిక్కుకెల్లి రెండు ఇమానాలు వచ్చి అటొకటి ఇటొకటి నిలవడ్డయి. ఒకాయన అద్దం దించి, 'అన్నా, లైసెన్స్ ఉన్నదా?' అన్నడు. జాతర పర్మిషన్ ఉన్నది సార్ అన్న. 'ఇంజన్ ఏం ఇంజన్?' అన్నడు. బాయి మీదిది సార్, నీళ్లు తోడేది అన్న. ఇద్దరు ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. సలాం కొట్టి, దారి ఇచ్చి, ఎనక వచ్చిండ్రు."

"కాకా, మరి ఫోటోల మబ్బులు రంగువి ఉన్నయి గదా, అమీర్ అలీ తాత పర్దా మీద గీసినయి," అన్నాడు లక్ష్మణ్.

"అవును, గవే. పర్దా ఇమానానికి చిక్కుకొని మాతోనే వచ్చింది. అసల్ మబ్బులు గూడ ఉండె గని అమీర్ భాయ్ మబ్బులంత మంచిగ లేకుండె. మెదక్ దాటినం, సముద్రం దాటినం, అవుతల ఏదో దేశం వచ్చింది, ఆడ జనం టోపీలు తీసి ఊపుతున్నరు, మనకేం పని అని దిగలే. ఇంక పైకి పోతే సూర్యుడు గింత దగ్గర. మీ అవ్వ చాపలను బయటికి చాపి పట్టుకున్నది, రెండు దిక్కుల మంచిగ కాలినయి. ఉప్పు లేక తినలే. ఆ తర్వాత జల్దీ జల్దీ మలుపుకొని వస్తే, లైన్ల మా ఎనకున్నాయన బీడీ ఇంకా అంటుకోలే."

"మరి పైన ఫోటో ఎవరు తీసిండ్రు?" లక్ష్మణ్ వదల్లేదు.

"ఇంకెవరు, అమీర్ భాయ్ గిర్రకు ఏలాడుకుంట తీసిండు."

"మరి నీ మొఖమేది కాకా?"

"లక్ష్మణా, నువ్వు బస్సుల కూసోని ఫోటో దిగితే డ్రైవర్ కనవడ్తడా? నేను లోపల నడుపుతున్న."

సత్తయ్య గోడకున్న ఫోటో వైపు గడ్డం ఎత్తాడు. "మీ అవ్వ నవ్వు సూడు బిడ్డా. భూమ్మీద కూసున్నోళ్లకు గా నవ్వు వస్తదా?"

నిఖత్ చాలాసేపు ఫోటో చూసింది. ఆమెకు నవ్వూ వస్తోంది, ఇబ్బందీ అవుతోంది.

"తాతా, మీ కత నాకు మస్తు నచ్చింది. గది మొత్తం నా నోట్‌బుక్కుల రాసుకుంట, గది గూడ ఇమానాల చరిత్రే. కాని గోడకు రాసేది జరిగిందే ఉండాలె. మా దాదా తీసిన ఫోటోలు గవి, వాటి కింద నేను వేరేది రాయలేను. మీరు ఏడున్నరో తెల్వకపోతే, 'సుశీల, ఒక్కతే' అని రాస్త."

సత్తయ్య చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నడిపినోడు అని రాయకపోతే మానె," అన్నాడు. "ఒక్కతే అని మాత్రం రాయకు బిడ్డా."

అంతటితో ఆగలేకపోయాడు. "ఇంజన్ కావాల్నంటే ఇప్పటికీ బాయి కాడ ఉన్నది, సూపెడ్త. గా చాపల పొలుసు గూడ..."

"ఏ ఇంజనయ్యా," అంది సుశీలమ్మ.

ఇన్నేళ్లలో ఆ కత మధ్యలో ఆమె నోరు తెరవడం మేము చూడలేదు. చిక్కుడుకాయల చేట పక్కకు జరిపి, నిఖత్ దిక్కు తిరిగింది.

"ఇంజన్ లేదు బిడ్డా, పంకా తిరగలే. గా చెక్కకు ఎనక ఆనించే గుంజ మొదటి దినమే ఇరిగింది. ఆనిచ్చేటందుకు ఏం లేకుండె. మీ తాత ఫోటోలు తీయాలె, జనం లైన్ల ఉన్నరు. ఈయన చెక్క ఎనక గొంతు కూసోని రెండు చేతులతోని పట్టుకున్నడు. మూడు దినాలు గట్లనే. ఎంతమంది దిగితే గంతమందిని పట్టుకున్నడు."

"గట్లయితే మీ వంతప్పుడు ఇంకెవరన్న పట్టుకోవాలె గదా అవ్వా?" అంది నిఖత్.

"మీ తాత గూడ గదే అన్నడు. ఇంకొకాయన్ను పిలిచి, 'సత్తయ్యా, నువ్వు పోయి ముంగట కూసో, గీయన పట్టుకుంటడు' అన్నడు. కాని ముందు దినం ఈయన అన్నం తినపోయినప్పుడు గాయనే పట్టుకున్నడు, చెయ్యి జారిచ్చిండు. చెక్క పోయి ఒక పెండ్లిపిల్ల మీద పడ్డది. పాపం ముక్కుకెల్లి రక్తం. గందుకని ఈయన చెక్క వదలలే. 'నా పెండ్లాం కూసున్నంక ఇంకొకల చేతికి నేనియ్య, ముందు ఆమెకు తియ్యి' అన్నడు. మీ తాత తీసిండు. గదే రోల్‌ల ఆఖరు ఫోటో. వచ్చే ఏడు ఇద్దరం దిగుదాం అన్నడు ఈయన. వచ్చే ఏటికి గా చెక్కను చెదలు తిన్నయి."

"తలకాయ జెర పైకి లేపినా ఫోటోల పడుతుండె గదా," అన్నాడు లక్ష్మణ్. అతని గొంతులో ఎగతాళి తగ్గింది.

"లేపితే చెయ్యి వదలాలె," అంది సుశీలమ్మ. "ఇంటికొచ్చినోళ్లందరు ఒకటే మాట. మొగనికి ఇష్టం లేదేమో, పక్కన కూసోలే అని. మా అన్న వచ్చి గదే అడిగిండు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. గప్పుడు ఈయన మొదటిసారి అన్నడు, నేను లోపల నడుపుతున్న బావా అని. మా అన్న నవ్విండు. ఇగ గా దినం సంది ఎవరొచ్చి అడిగినా ఇంత ఇంత పెంచుకుంట వచ్చిండు. జనం ఈయన్ను సూసి నవ్విండ్రు, నన్ను అడుగుడు మరిచిండ్రు."

"మరి మీరెందుకు ఎవరికీ చెప్పలే అవ్వా?"

సుశీలమ్మ కొంగు సరిచేసుకుంది. "ఇంకొకల చేతికి ఇయ్య అన్నడు సూడు, గా మాట నా ఒక్కదానికే ఉంచుకోవాల్ననిపిచ్చింది. ఇప్పుడు నువ్వు ఒక్కతే అని రాస్తనంటివి. గది అబద్ధమైతది గదా, గందుకు చెప్పిన."

నిఖత్ లేచి గోడ మీది ఫోటో దించింది. ఫోన్ లైటు వేసి దగ్గరగా పట్టుకుంది. రెక్క కింది అంచున, నల్లటి గీతల్లాగా, నాలుగు వేళ్లు. ఆమె సంచిలోంచి మిగతా పద్నాలుగు తీసి అరుగు మీద వరుసగా పరిచింది. అన్నిటిలో ఉన్నాయి. "మా దాదా ఫోటో కడిగేటప్పుడు ఖరాబైందనుకున్న తాతా," అంది. "ఆరు నెలల సంది సూస్తున్న, చేతి వేళ్లని తెల్వలే."

లక్ష్మణ్ వంగి ఒక ఫోటో అందుకున్నాడు. అందులో వాళ్ల నాయిన, వాళ్లమ్మ. నాయిన మీసం దువ్వుకుని కూర్చున్నాడు, అమ్మ కళ్లు మూసుకుంది. వాళ్ల కింద అవే నాలుగు వేళ్లు. ఇద్దరూ ఇప్పుడు లేరు. లక్ష్మణ్ ఆ ఫోటోను చేతిలోనే పెట్టుకుని, సత్తయ్య పక్కకు జరిగి కూర్చున్నాడు.

సత్తయ్య అరుగు కిందికి చూస్తూ కూర్చున్నాడు. ఎన్నడూ మాట తడుముకోని మనిషి, ఎవరో తన అంగీ జేబులు వెతికి ఉన్నదంతా బయట పెట్టినట్టు ముడుచుకుపోయాడు. సుశీలమ్మ వచ్చి ఆయన చల్లారిన గ్లాసు తీసి, వేడి చాయ్ పోసి చేతికిచ్చింది.

నిఖత్ కాగితం మీద రాసి, అందరికీ వినిపించేలా చదివింది. "కూర్చున్నది సుశీల. విమానం ఆమె మీద పడకుండా వెనక పట్టుకున్నది ఆమె భర్త సత్తయ్య." చదివి ఒక్క క్షణం ఆగింది. "గట్ల పట్టుకోవాల్సి వచ్చిందంటే ఆ దినం గాలి మస్తు ఉండెనా తాతా? గది గూడ రాయాల్నా?"

మేమంతా ఆయన నోటికేసి చూశాం. ఇప్పుడు తుపాను లేస్తుంది, డేరాలు ఎగురుతాయి, జాతర జాతరంతా కొట్టుకుపోయి మేడ్చల్‌లో పడుతుంది అనుకున్నాం. సత్తయ్య చాయ్ ఒక గుక్క తాగాడు. భార్య వైపు చూశాడు.

"గాలి గంతగనం లేకుండె బిడ్డా," అన్నాడు. "అబద్ధం రాయకు."