జలపాతమెక్కిన రెక్క

లమ్తపుట్ బజారులో సూర్యకాంతమ్మ టీ దుకాణం ముందు ఒక బల్ల ఉంది. దానికి ఒక కాలు పొట్టి. ఈ మధ్య మాత్రం ఊగడం మానేసింది.

ఆ సాయంత్రం దాలయ్య టీకి రాలేదు, రెక్క కోసం వచ్చాడు. జలాపుట్ జలాశయం ఒడ్డున పడవల షెడ్డుకి అతను కాపలాదారు. విశాఖ నుంచి వచ్చే నేవీ ఆఫీసరు ఒకాయన తన తెరచాప పలకను ఆ షెడ్డులోనే ఉంచుతాడు. మీద నిలబడి గాలికి నడుపుకునే పొడవాటి పలక. దాని అడుగున, తోక దగ్గర, చేప రెక్కలాంటి ముక్క ఒకటి ఉండాలి. నిన్న తుడుస్తుంటే అది లేదు. ఆదివారం ఆఫీసరు వస్తాడు. అప్పటికి రెక్క దొరక్కపోతే దాలయ్యకి ఉద్యోగం ఉండదు. బతిమాలి ఆ పలకను తీసుకెళ్ళినవాడు ఒక్కడే, డ్యాం ఆఫీసు గుమాస్తా జీవరాజు.

"రాజుబాబూ, రెక్కేదీ?"

జీవరాజు బల్ల మీద సర్దుకు కూర్చున్నాడు.

"అదే సెప్తన్నాను, తొందరపడకు. పోయిన నెల ఏదో అలా ఒడ్డెంట తిరిగొద్దామనే ఎల్లేను. ఆ రెక్క ఉంది సూడు, అది నిటారుగా ఉంటే నీటిని గట్టిగా పట్టుకుంటాది గానీ నాచు సుట్టుకుంటాది, వెనక్కి వాలుంటే నాచు జారిపోతాది, మనది వాలుదే, ఇదంతా ఆఫీసరు సెప్పేడు, సగం నేనే ఆయనకి అందించేననుకో. ఇంతలో గాలొచ్చింది. సర్రుమని అవతలి కొండ, మళ్ళీ సర్రుమని ఇవతలి కొండ. సూర్యకాంతమ్మా, నువ్వు పొయ్యి మీద పెట్టిన పాలు అప్పటికింకా పొంగనేదు."

"ఆవేళ పాలు విరిగిపోయేయి," అంది ఆవిడ.

"అదిగో, ఆ గాలికే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పలక ఎడమకి లాగేస్తంది. రెక్క మధ్యగీతకి తిన్నగా ఉండాల, వెంట్రుకవాసి పక్కకున్నా పలక ఓ పక్కకి లాగుతాది, కింద తుమ్మెదలా రొదెడతాది. ఇంకోడైతే ఒడ్డుకొచ్చి బిగించుకుంటాడు. నేనాపనేదు. తెరచాప పళ్ళతో పట్టుకుని, కాలు నీట్లోకి దించి, బొటనవేలితో మర తిప్పేను."

"ఏ కాలు?" అన్నాడు అదే బల్ల మీద పక్కన కూర్చున్న కిరాణా కొట్టు గోవిందరాజులు.

"కుడికాలు. ఇంక దాన్ని ఆపేవోడేడీ? డ్యాం దాటేను, దుడుమ జలపాతం దిగేను. దిగడం గొప్పేటి, నీళ్ళూ దిగుతాయి. కిందకెల్లేక గుర్తొచ్చింది, ఆఫీసులో సంతకం పెట్టనేదని. తిప్పేను. జలపాతం ఎక్కేను!"

"నీళ్ళకెదురా?" దాలయ్య నోరు తెరిచాడు.

"ఎదురే. ఆ రాపిడికి రెక్క ఎర్రగా కాలింది, సుట్టూ నీళ్ళు సలసలా మరిగేయి, ఉడికిన సేపలు తేలతంటే ఒడ్డునోళ్ళు గంపలతో ఎత్తుకున్నారు. పైకొచ్చేసరికి రెక్క మైనంలా కరిగిపోయింది. నేనేటి సేసేది?"

దాలయ్య ఆదివారం ఆఫీసరుకి చెప్పాల్సిన మాట మనసులో కూర్చుకుంటున్నాడు: కరిగిపోయిందండి బాబూ. ఆఫీసరు నమ్ముతాడా? జలపాతం దాకా తనే నమ్మాడు. ఉడికిన చేపల దగ్గర కాస్త ఆగాడు.

సూర్యకాంతమ్మ గ్లాసులు కడుగుతూ జీవరాజుని అడిగింది. "ఆ రెక్క ఎలాగుంటాది బాబూ?"

"నల్లగా, కత్తిలా వెనక్కి వంగి, పైన మరలకి రెండు బెజ్జాలు."

"ఓసారి లే."

"ఎందుకూ?"

"లే బాబూ. గోవిందరాజులుబాబూ, నువ్వూ లే."

ఇద్దరూ లేచారు. ఆవిడ వంగి పొట్టికాలు కింద చెయ్యి పెట్టి లాగింది. నల్లటి ముక్క, రెండు బెజ్జాలు. బల్ల ఒరిగి, దాని మీదున్న టీ గ్లాసు జారి కిందపడింది.

"పోయిన నెల నువ్వే కదా ఎట్టేవు? 'ఇసకలో దిగబడతంది, మన నాటు పడవలకి రెక్కలున్నాయేటి, ఊడదీసేను, నీ బల్లకి పనికొస్తాది' అన్నావు."

దాలయ్య రెక్కకి అంటిన మట్టి తువ్వాలుతో తుడిచి, అందులోనే మూట కట్టాడు.

గోవిందరాజులు పగిలిన తన గ్లాసు వంక చూస్తూ అన్నాడు, "అయితే ఆవేళ ఒడ్డున మోకాల్లోతు నీట్లో రెక్క లేని పలకతో గిరగిరా తిరిగింది నువ్వేనా? బస్సులోంచి సూసి ఎవలో బొంతలు ఉతుకుతున్నారనుకున్నాను."

జీవరాజు మళ్ళీ కూర్చోబోయాడు. బల్ల ఊగింది. మిగిలిన టీ నిలబడే తాగాడు.