బలం మాత్రలు

ఆ రోజుకి అదే ఆఖరి ఇల్లు. హెచ్ఐవీ ఉన్న పిల్లల ఇళ్ల చుట్టూ తిరిగి తిరిగి ఆరోగ్య కార్యకర్తకు కాళ్లు పీకుతున్నాయి. అమ్మమ్మ వీధి తలుపు దగ్గరగా వేసి కుర్చీ జరిపింది.

“మనవరాలి రక్త పరీక్ష బాగా రాలేదు పెద్దమ్మా. మాత్రలు మానేసిందా?”

“అయ్యో, రోజూ నా చేత్తోనే ఇస్తున్నానమ్మా!”

“మింగడం చూస్తున్నారా?”

“చూడ్డమెందుకు? బుద్ధిగా తీసుకుని బడికి పోతుంది.”

“పోయి స్నేహితురాలికి ఇచ్చేస్తోంది. పొద్దున బడి దగ్గర అడిగితే తనే చెప్పింది.”

“ఓరి దేవుడా! ఆ పిల్లకేమైనా అయిందా?”

“డాక్టరుకి చూపించాం, భయం లేదన్నారు. అసలు ఈ మాత్రలేంటని మీ మనవరాలికి ఏం చెప్పారు?”

“బలం మాత్రలని చెప్పాను. పసిదానికి ఇంకేం చెప్పను?”

“నిజం కొంచెం కొంచెంగా చెబుదామని పోయినసారే అన్నాను కదా.”

“అన్నావు. నాకే నోరు పెగల్లేదు.”

“ఆ స్నేహితురాలు బక్కగా ఉందట. ‘మా అమ్మ ఇవి వేసుకోకపోబట్టే పోయింది, నువ్వు వేసుకో’ అని మీ మనవరాలు ఇచ్చిందట.”



“ఆ మాట నేనే అన్నానమ్మా. ఓ రోజు మింగనని మారాం చేస్తే విసుగొచ్చి అనేశాను.”

“ఇవాళ మీరే చెప్పండి. నేను పక్కనే కూర్చుంటాను.”

“మరి తను మింగకపోతే తనకేమవుతుందోనన్న భయం లేదా దానికి?”

కార్యకర్త కళ్లు మూసుకుని గోడకి తల ఆనించింది.

“అదీ అడిగాను. ‘నాకేం కాదు, మా అమ్మమ్మ ఉందిగా’ అంది.”